నెమ్మది కెమెరా

ఆ ఏడు ఫిబ్రవరిలో మా ఆయన కెమెరాకి గొంతు పోయింది.

అంతకుముందు అది మహా వాగుడుకాయ. మా ఆయన పొద్దున్నే బాల్కనీలో నిలబడి ఎదురింటి యాంటెన్నా మీద వాలే పావురాల మీద సాధన చేసేవాడు. గటగటగటమని ఆ చప్పుడు వంటింటి దాకా వినిపిస్తుంటే, మిసో పులుసు కలుపుతూ, ఈయన ఇంట్లోనే ఉన్నాడని నాకో ధీమా. అలాంటిది ఒక సోమవారం నుంచి బాల్కనీలో నిశ్శబ్దం. తొంగి చూశాను. మనిషి ఉన్నాడు, కెమెరా ఉంది, పావురం ఉంది, వేలు నొక్కుతోంది. చప్పుడు మాత్రం లేదు.

"ఏవండీ, కెమెరా పాడైందా?"

"ఎందుకు పాడవుతుంది?"

"నోరు మెదపట్లేదు."

మా ఆయన నావైపు తిరగలేదు. "వాడగా వాడగా మెత్తబడుతుంది," అన్నాడు.

లిఫ్టులు బాగుచేసే కంపెనీలో జీవితమంతా పనిచేసిన మనిషి. ఏ యంత్రమైనా వాడేకొద్దీ చప్పుడు పెరుగుతుందే తప్ప తగ్గదని పెళ్లైన కొత్తలో నాకు చెప్పింది కూడా ఈయనే. అనుమానాన్ని తవుడులో ముల్లంగిలా ఊరేసుకోవాలి. తొందరపడి తీస్తే పచ్చివాసన.

ఆ తర్వాతి వారం గడ్డం గీసుకోవడం మొదలైంది. రిటైరైన దగ్గర్నుంచి మా ఆయన పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు తప్ప గడ్డం గీసుకున్నవాడు కాదు. ఇప్పుడు రోజూ పిట్టల ఫోటోలకి చెరువుకి బయల్దేరేముందు అద్దం ముందు బుగ్గలు సాగదీసుకుని మరీ గీస్తున్నాడు.

"లకుముకి పిట్టకి గడ్డం నచ్చదా?" అని అడిగాను.

"చలికి గడ్డం మీద మంచు పేరుకుంటోంది."

నేను టోక్యోలో పుట్టి టోక్యోలో ముసలిదాన్నయ్యాను. ఇక్కడ మనిషి గడ్డం మీద మంచు పేరుకోవడం ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ వెంటనే కోటు జేబులో చెర్రీ ఆకు దొరికింది. ఉప్పులో ఊరేసి తీపి ముద్దకి చుట్టే ఆకు. వాసన చూస్తే కొట్లో కొన్నది కాదు, ఇంట్లో చేసినది. ఎవరిచ్చారంటే చెరువు దగ్గర తనతోపాటు ఫోటోలు తీసే ఒనొదెరా గారిచ్చారన్నాడు. ఒనొదెరా గారికి చక్కెర జబ్బు. ఆయన భార్య ఇంట్లో చక్కెర డబ్బాకి కూడా తాళం వేస్తుందని పేటంతా తెలుసు.

మర్నాడు అన్నం ముద్దలు కట్టుకుని, మర్చిపోయారని చెప్పి ఇద్దామని, సైకిలు మీద చెరువుకి బయల్దేరాను. నిజానికి ఆయన మర్చిపోలేదు. ఆయన మూట కట్టుకునేలోపు నేనే దాచేశాను.

చెరువంటే మా పార్కులోదే. చలికాలం నుంచి చెర్రీలు రాలేదాకా అక్కడ రిటైరైన మగవాళ్లు ముక్కాలి స్టాండ్లు పాతుకుని, బజూకాల్లాంటి లెన్సులు పెట్టుకుని, ఒక్క లకుముకి పిట్ట కోసం వరసగా కూర్చుంటారు. పిట్ట వాలడానికి నీళ్లలో ఎండు కొమ్మ కూడా వాళ్లే పాతారు, వెలుతురు బాగా పడేచోట చూసి మరీ. ఒకప్పుడు ఆఫీసులు నడిపినవాళ్లు, ఎవరో ఒకరికి సీటు కేటాయించకపోతే వాళ్లకి తోచదు.

వాళ్లలో రెండు పార్టీలు. కెమెరా కంపెనీ పేరు పసుపు అక్షరాల్లో ఉన్న పట్టీ మెడలో వేసుకున్నవాళ్లు, ఇంకో కంపెనీ ఎర్ర అక్షరాల పట్టీ వేసుకున్నవాళ్లు. పిట్ట కొమ్మ మీంచి నీళ్లలోకి దూకే ఆ రెప్పపాటులో ఎవరి కెమెరా ఫోకస్ ముందు పట్టుకుంటుందన్నదే వాళ్ల మధ్య గొడవ. మా ఆయన పసుపు. ఎర్ర పార్టీకి పెద్ద ఒనొదెరా గారు, హైస్కూలు వైస్ ప్రిన్సిపాల్‌గా చేసి దిగినాయన. ఇప్పటికీ చెరువు దగ్గర ఎవరెక్కడ నిలబడాలో ఆయనే చెప్తాడు.

నేను వెళ్లేసరికి బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఫ్లాస్కులోంచి టీ వంపి అందరికీ అందిస్తోంది. హిగాకి రిత్సుకో గారు. పసుపు పార్టీకి ఒకప్పటి పెద్ద హిగాకి గారి భార్య. ఆయన పోయిన శరదృతువులో పోయారు. అయినా ఆవిడ మధ్యాహ్నాలు వచ్చి, ఆయన కూర్చునే బెంచీ మీదే కూర్చుంటుందట. సన్నగా, తెల్లగా, ముసలితనం కూడా ఇస్త్రీ చేసి కట్టుకున్నట్టుంటుంది. మొదటి కప్పు మా ఆయనకిచ్చింది. ఆయన రెండు చేతులతో అందుకుని వంగి దణ్ణం పెట్టాడు. పెళ్లినాటి నుంచి నేనిచ్చిన టీ ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే తాగుతున్నాడు.

"ఇదిగో, నువ్వెందుకొచ్చావ్?" అన్నాడు నన్ను చూసి.

"అన్నం మర్చిపోయారు."

ఆయన నా చేతిలో మూట వైపు అనుమానంగా చూశాడు. నేను ఆయన నున్నటి గడ్డం వైపు అనుమానంగా చూశాను.

అంతలో పిట్ట దూకింది. లేచింది. పోయింది. వెంటనే అందరూ కెమెరాల వెనక తెరల మీదకి వంగారు.

"నాకు ముక్కు చివర నీటిబొట్టు కూడా పడింది," అన్నాడు ఒనొదెరా గారు. "కురమోచి గారూ, మీకు?" అని మా ఆయన వైపు తిరిగాడు.

"పడింది."

"ఏది, చూపించండి. ఇది తోక. తోక కూడా కాదు, తోక ఉండాల్సిన చోటు."

"గాలికి స్టాండు కదిలింది!"

"మావైపు గాలి వీచలేదే?"

మా ఆయన ముక్కు ఎర్రబడింది. పిట్ట రెండుసార్లు ఒకేలా దూకదు కాబట్టి పోలిక కుదరదన్నాడు. అయితే ప్రతిసారీ ఒకే దారిలో, ఒకే వేగంతో వచ్చేది పెట్టి చూద్దామన్నాడు ఒనొదెరా గారు. అందరూ అటూ ఇటూ చూశారు. చివరికి అందరి చూపూ నా సైకిలు మీద ఆగింది.

"అమ్మా, మీరు ఏమీ అనుకోకపోతే..." అన్నాడు ఒనొదెరా గారు. ఆయన భార్యని అడిగితే మోకాళ్లనొప్పులని ఎప్పుడో చెప్పేసిందట. తెలివైన మనిషి.

శనివారం పందెం. రెండు పార్టీలూ ఎన్నికలంత హడావిడి చేశాయి. రెండు కెమెరాలు పక్కపక్కన పాతారు. నేను ఆ చివర చెర్రీ చెట్టు దగ్గర్నుంచి తిన్నగా కెమెరాల మీదకి తొక్కుకుంటూ రావాలి. "మామూలుగా మార్కెట్టుకి వెళ్తున్నట్టు రండమ్మా," అని ఒనొదెరా గారు మూడుసార్లు చెప్పాడు. అప్పటిదాకా మామూలుగానే ఉన్నాను, ఆ మాటతో కాళ్లు బిగుసుకున్నాయి.

తొక్కాను. వచ్చాను. అందరూ తెరల చుట్టూ మూగారు.

ఒనొదెరా గారి కెమెరాలో నేను వరసగా, స్పష్టంగా, ఒక్కో బొమ్మలో ఒక్కో ముడత చొప్పున ఉన్నాను. మా ఆయన కెమెరాలో నేను ఆవిరిలో ఉడుకుతున్న ముల్లంగిలా ఉన్నాను. నా భుజం వెనక, దూరంగా బెంచీ మీద, రిత్సుకో గారు మాత్రం కనురెప్పలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నారు.

"ఇంకోసారి," అన్నాడు మా ఆయన.

ఇంకోసారీ అంతే. నేను మసక, రిత్సుకో గారు స్పష్టం.

మూడోసారికి మాత్రం నేను బాగా పడ్డాను. "వేడెక్కాక అందుకుంది," అని మా ఆయన గెంతులేశాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. బెంచీ ఖాళీ. రిత్సుకో గారు కప్పులు కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్లారు.

మూడింట రెండు ఓటమి. మా ఆయన కెమెరా నెమ్మది అని తీర్పయింది. ఎర్ర పట్టీల వాళ్లు మర్యాదగా నవ్వుకున్నారు. పసుపు పట్టీల వాళ్లు మా ఆయనకి కాస్త దూరం జరిగి నిలబడ్డారు.

ఒనొదెరా గారు స్టాండు మడుస్తుంటే నేను దగ్గరికెళ్లి, "వైస్ ప్రిన్సిపాల్ గారూ, నాకు తెలీక అడుగుతాను. ఎదురుగా ఒక మనిషి ఉండగా, కెమెరా ఆ మనిషిని వదిలేసి వెనకాల మనిషిని చూస్తుందా?" అన్నాను.

గెలిచిన ఊపులో ఉన్నాడేమో, ఎందుకడుగుతున్నానని ఆయన అడగలేదు. "చూస్తుందమ్మా! మనం మొహం నేర్పిస్తే చూస్తుంది. నేను మా మనవరాలి మొహం నేర్పించాను. స్కూలు ఆటల పోటీల్లో అందరి పిల్లలకీ ఒకటే ఎర్రటోపీ కదా. అయినా గుంపులోంచి దాన్నే పట్టుకుంటుంది. పక్కపిల్లల్ని లెక్కే చెయ్యదు."

"ఎవరు నేర్పిస్తారు?"

"ఇంకెవరు? కెమెరా ఎవరిదైతే వాళ్లే. ఎవర్ని అందరికన్నా ముందు చూడాలనుకుంటామో వాళ్ల మొహం పెడతాం."

సైకిలు తొక్కుకుంటూ ఇంటికొచ్చాను. దారిలో చేపల కొట్టు దగ్గర ఆగి చేప కొన్నాను. ఏం చేప కొన్నానో ఇంటికొచ్చి పొట్లం విప్పేదాకా తెలీలేదు.

భోజనాల దగ్గర, ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక అడిగాను.

"రిత్సుకో గారి మొహం మీ కెమెరాలో ఎందుకుంది?"

ఆయన నమలడం ఆపేశాడు. "ఏ మొహం?"

"మీ కెమెరా ఆవిడ ఉన్నప్పుడు నన్ను చూడట్లేదు. ఆవిడ లేనప్పుడు చూస్తోంది. ఎంత నెమ్మది కెమెరా అయినా ఎవరుంటే నెమ్మదించాలో దానికెలా తెలిసింది?"

ఆయన లేచి కెమెరా తెచ్చాడు. తెర మీద ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకుంటూ పోయాడు. ఒకచోట ఆగిపోయాడు. నేను పక్కకొచ్చి చూశాను. తెర మీద తపాలాబిళ్లంత బొమ్మ. రిత్సుకో గారే. తలకి తువ్వాలు చుట్టుకుని, చేతిలో చీపురో ఏదో పట్టుకుని, నోరంతా తెరిచి నవ్వుతోంది. చెరువు దగ్గర ఆవిడ అలా నవ్వగా నేను చూడలేదు.

"ఇది నేను తీసింది కాదు," అన్నాడు.

"మరి కెమెరాయే వాళ్లింటికి వెళ్లి తీసుకొచ్చిందా?"

మా ఆయన మొహం నాకు బాగా తెలుసు. రెండు తప్పుల్లో ఏది ఒప్పుకుంటే తక్కువ చీవాట్లు పడతాయో బేరీజు వేసుకుంటున్నాడు. చాలాసేపు వేసుకున్నాడు. పరాయి ఆడమనిషి నేరం నెత్తిన పడుతుంటే కూడా అంతసేపు ఆలోచించాల్సి వచ్చిందంటే రెండోది ఇంకెంత పెద్దదో అని నాకు భయమేసింది.

"ఇది నా పాత కెమెరా కాదు," అన్నాడు చివరికి.

"ఆహా."

"హిగాకి గారిది, చప్పుడు చెయ్యని కొత్తరకం. ఆవిడ ఇచ్చింది. ఊరికే కాదులే, నా జేబు ఖర్చుల్లోంచి..." అని నీళ్లు నమిలాడు. "ఆయన పోయిన నలభైతొమ్మిదో రోజు పూజకి మావాళ్లంతా వెళ్లారు. అగరుబత్తి వెలిగించడం, పక్కకి పిలిచి కెమెరా ఏం చేస్తారమ్మా అని అడగడం. ఒకరి తర్వాత ఒకరు. ఆవిడకి విసుగొచ్చి, సెందాయ్ నుంచి కొడుకొచ్చి పట్టుకుపోయాడని అబద్ధం చెప్పేసింది. నేనొక్కణ్ణే అడగలేదు. అందుకని నన్ను పిలిచి ఇచ్చింది. ఎవరికీ చెప్పొద్దంది."

"మీరెందుకు అడగలేదు?"

"అడగాలనే వెళ్లాను. నోరు రాలేదు."

"గడ్డం సంగతి?"

"పోయినాయన కెమెరా పట్టుకుని ఆవిడ ముందు మాసిన మొహంతో ఎలా నిలబడతానే?"

కథ బాగుంది. బాగుంది కాబట్టే నమ్మలేదు. మా ఆయన జీవితంలో ఒక్క అబద్ధం కూడా సరిగ్గా అల్లినవాడు కాదు. ఇంత చక్కగా కుదిరిందంటే ఇద్దరు కూర్చుని అల్లి ఉంటారనిపించింది.

మర్నాడు కెమెరాని గుడ్డలో మూటగట్టి రిత్సుకో గారింటికి వెళ్లాను. మా ఆయనకి చెప్పలేదు.

ఆవిడ తలుపు తీసి, మూట ఆకారం చూసి, ఏమీ అడగకుండా లోపలికి రమ్మంది. గదిలో హిగాకి గారి ఫోటో ముందు అగరుబత్తి వెలిగించాను. గంట మోగించి దణ్ణం పెట్టుకున్నాను. వచ్చిన పనికి అడ్డమే అయినా, ఆ మర్యాద తప్పలేం కదా. తర్వాత మూట విప్పి, మా ఆయన చూపించినట్టే నొక్కుతూ పోయి, ఆ బొమ్మ తెర మీదకి తెచ్చి ఆవిడ ముందు పెట్టాను.

"ఇది మా ఆయన పెట్టింది కాదట," అన్నాను. ఆవిడ మొహంలో ఏం కదులుతుందో చూద్దామని రెప్ప వెయ్యకుండా కూర్చున్నాను.

రిత్సుకో గారు కళ్లజోడు తెచ్చుకుని చూశారు. చూస్తూనే ఉన్నారు.

"ముందటేడాది చివర్లో, ఇల్లు దులుపుతున్నాను. ఇటు చూడవే అన్నాడాయన. ఎందుకంటే, కెమెరాకి నిన్ను పరిచయం చేస్తున్నానన్నాడు. పెళ్లాన్ని పరిచయం చెయ్యాల్సినంత పెద్దమనిషా ఈ కెమెరా అని నవ్వాను." ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "అంతే. ఆ తర్వాత ఒక్క ఫోటో తియ్యలేదు నన్ను. అన్నీ పిట్టలే. నేను పోట్లాడేదాన్ని కూడా, నా మొహం కన్నా ఆ పిట్ట ముక్కు అందంగా ఉందా అని. ఇందులో ఉన్నానని నాకు తెలీదు."

పోట్లాటకి సిద్ధమై వెళ్లిన మనిషికి ఎదుటివాళ్లు పోట్లాడకపోతే చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీదు.

"ఇంకా పనిచేస్తుందా?" అన్నారు ఆవిడ.

"ఏది?"

"పరిచయం."

నాకు కెమెరా పట్టుకోవడం రాదు. రెండు చేతులా ఎత్తి, కన్ను ఆనించి, బొత్తాం సగం నొక్కాను. ముందు హిగాకి గారి ఫోటో మీద ఒక చిన్న ఆకుపచ్చ గడి వాలబోయింది. అంతలోనే ఎగిరి రిత్సుకో గారి మొహం మీదకొచ్చి కూర్చుంది.

"ఉందా?"

"ఉంది."

ఆవిడ కిటికీ దగ్గరికి నడిచారు. గడి వెంట వెళ్లింది. అటు తిరిగారు.

"ఇప్పుడు?"

"పోయింది."

తిరిగారు.

"వచ్చిందండీ," అన్నాను.

ఆవిడ టీ పెడతానని వంటింట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు. నేను కెమెరా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. తిరిగొచ్చాక కెమెరా మీరే ఉంచుకోండన్నాను. ఆవిడ వద్దన్నారు. అది ఇంట్లో ఉంటే ఆయన గది తలుపు తియ్యలేకపోతున్నాననే ఇచ్చానన్నారు. "ఆ బొమ్మ తీసేయమనండి, పాపం. నా మూలాన అందరి ముందూ ఓడిపోయారు. సెందాయ్ సంగతి మాత్రం బయటపడనివ్వకండమ్మా. ఇంతమందికి అబద్ధం చెప్పి రేపు ఆ బెంచీ మీద ఎలా కూర్చుంటాను?"

ఇంటికొచ్చి మా ఆయనకి జరిగింది చెప్పాను. ఆయన ఆ బొమ్మ తెరిచి, తుడిచేసే బొత్తాం మీద బొటనవేలు పెట్టి నావైపు చూశాడు.

"నొక్కనా?"

"ఉంచండి."

"ఉంచితే మళ్లీ ఓడిపోతానే."

"ఓడిపోండి."

ఆయన వేలు తియ్యడానికి కొంచెం టైము పట్టింది. పసుపు పార్టీ మనిషి కదా.

చెర్రీలు రాలే వారంలో ఒనొదెరా గారు దయతలిచి రెండో పందెం పెట్టాడు. అది కెమెరా తప్పు కాకపోవచ్చు, ఎక్కడో ఏదో తప్పుగా పెట్టి ఉంటారన్నాడు. "ఇలా ఇవ్వండి కురమోచి గారూ, నేను చూసి పెడతాను. లోపల మొహాలు గిహాలు ఏమైనా ఉండిపోయాయేమో!" అంటూ చెయ్యి చాపాడు.

బెంచీ మీద టీ వంపుతున్న రిత్సుకో గారి చెయ్యి ఆగింది. మా ఆయన కెమెరాని గుండెలకి హత్తుకున్నాడు. ఒనొదెరా గారి చెయ్యి చాపినట్టే ఉంది. వైస్ ప్రిన్సిపాల్ చేతులు అంత తొందరగా వెనక్కి పోవు.

"చూడక్కర్లేదండీ," అన్నాను నేను. "ఆ కెమెరా నెమ్మదే."

"అబ్బే, ఆ మోడల్ అంత నెమ్మది కాదమ్మా..."

"నెమ్మదేనండీ. ఇంట్లో కూడా అంతే. కదూ?"

మా ఆయన నావైపు చూశాడు. పసుపు పట్టీల వాళ్లంతా ఆయన వైపు చూశారు. పావురం ఫోటోకి దొరకనప్పుడు కూడా, రైలు ఫోటో మసగ్గా వచ్చినప్పుడు కూడా, గాలి మీదా వెలుతురు మీదా నా మీదా నెపం వేశాడే తప్ప, ఈ మనిషి ఏనాడూ కెమెరాని ఒక్క మాట అనలేదు, అననివ్వలేదు.

"అవును," అన్నాడు. "నెమ్మదే. నాకదే అలవాటైపోయింది."

ఒనొదెరా గారి మొహంలో సంతోషం కనపడలేదు. జీవితమంతా పిల్లల మధ్య గడిపిన మనిషి. తప్పు వెంటనే ఒప్పుకున్నవాడి జేబులు వెతకాలని ఆయనకి తెలుసు. కళ్లు చిన్నవి చేసుకుని మా ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు, బెంచీ వైపు తిరగబోయాడు.

"మొదలెడదామాండీ? నేను ఇంటికెళ్లి ఆరేసిన బట్టలు తియ్యాలి," అని, జవాబు రాకముందే సైకిలెక్కేశాను. ఒనొదెరా గారికి తన కెమెరా వెనక్కి పరిగెత్తక తప్పలేదు.

ఆ చివర చెట్టు దగ్గర సైకిలు తిప్పాను. దారంతా పూలరేకులు. ఎదురుగా రెండు పెద్ద లెన్సులు. ఒకటి నన్ను చూస్తోంది. రెండోది నన్ను దాటి, నా వెనక బెంచీ మీద ఉన్నావిడని చూస్తోంది. తొక్కడం మొదలుపెట్టాను. తిన్నగా రమ్మన్నారు కానీ, ఆవిడకి అడ్డం రాకుండా కాస్త పక్కగా తొక్కాను.